'మీ వాళ్ళలో ఇది మామూలే కదమ్మా' అనే అధికారులకు ఒక ఉత్తరం

రెండు తెలుగు రాష్ట్రాల్లో గృహహింస ఫిర్యాదులు తీసుకునే రక్షణ అధికారులకు, పోలీసు అధికారులకు, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రాల సిబ్బందికి నమస్కారం.

నేను ఎరుకల ఇంటి బిడ్డను, మాది షెడ్యూల్డ్ తెగ. పదకొండేళ్ళుగా పారాలీగల్ వాలంటీరుగా తిరుగుతున్నాను. మొగుడు కొట్టాడని చెప్పుకోవడానికి వచ్చే ఆడవాళ్ళ పక్కన కూర్చోవడం, వాళ్ళ కాగితాలు వరుసగా పెట్టడం, వాళ్ళ మాట మీకూ మీ మాట వాళ్ళకూ అందేలా చూడడం నా పని. ఇన్నేళ్ళలో మీ బల్లల ముందు మంచి మాటలూ విన్నాను. సెలవు రోజున గది తెరిపించి ఫారం నింపిన అధికారిణి ఉన్నారు. తన ఫోను నంబరు చీటీ మీద రాసి, ఇంట్లో కనబడకుండా దాచుకో తల్లీ అన్న కానిస్టేబుల్ ఉన్నారు. ఈ ఉత్తరం మాత్రం ఇంకో మాట గురించి.

పోయిన నెలలో మా పిన్ని కూతురిని ఒక కార్యాలయానికి తీసుకెళ్ళాను. ఏ ఊరో రాయను. ఒకరి పేరు చెబితే, ఆ తప్పు ఆ ఒక్కరిదేనని మిగతావాళ్ళు నిశ్చింతగా ఉంటారు.

మాకన్నా ముందు ఒక ఉద్యోగిని కూర్చుని ఉంది. ఆమెను 'మీరు' అన్నారు, మంచినీళ్ళు తెప్పించారు. అది చూసి నాకు ధైర్యం వచ్చింది కూడా. మా వంతు వచ్చింది. మా చెల్లెలు వాచిన కుడి మణికట్టును కొంగులో చుట్టుకుని ఉంది. ఎడమ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆసుపత్రి ఓపీ చీటీ, ఆధార్ జిరాక్సు. 'నీ పేరేమిటి? ఏ ఊరు? మొగుడు ఏం చేస్తాడు?' అంటూ అధికారిణి రాసుకుంటూ పోయారు. 'మీరు' నుంచి 'నువ్వు'కు ఎప్పుడు దిగారో నేను గమనించేలోపే అయిపోయింది. 'కులం?' అన్నారు. 'ఎరుకల' అంది మా చెల్లెలు.

పెన్ను ఆగింది. 'తాగొచ్చాడా? మీ వాళ్ళలో ఇది మామూలే కదమ్మా. మీకు పెద్దమనుషులు ఉంటారుగా, అక్కడే తేల్చుకోండి. కోర్టుల చుట్టూ మీరేం తిరుగుతారు?' అన్నారు. పెన్నుకు మూత పెట్టారు. సగం రాసిన ఫారం సొరుగులోకి వెళ్ళింది. కసిరినట్టు అని ఉంటే నేను తగువు పెట్టుకునేదాన్నేమో. ఆమె జాలిగా, మా కష్టసుఖాలు తెలిసిన మనిషిలా అన్నారు.

బస్టాండులో మా చెల్లెలు అడిగింది: 'అక్కా, కులం వేరే చెప్పి ఉంటే రాసుకునేవాళ్ళా?'

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ 'మామూలే' అన్నదానికి మాత్రం ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత 2019–21లో జరిగింది. భర్త భార్యను కొట్టడానికి ఏదో ఒక కారణం సమంజసమేనా అని అందులో అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్ళడం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామలను గౌరవించకపోవడం, ఇలా ఏడు కారణాలు ముందు పెట్టారు. తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం మంది ఆడవాళ్ళు ఏదో ఒకదానికి అవునన్నారు. ఆ సర్వేలో దేశంలో అన్నిటికన్నా పైన ఉన్న రాష్ట్రాలు మనవే. భర్త చేతిలో దెబ్బలో లైంగిక హింసో అనుభవించామని చెప్పినవాళ్ళు తెలంగాణలో 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. షెడ్యూల్డ్ తెగలన్నీ కలిపినా ఈ రెండింటిలో ఏ రాష్ట్ర జనాభాలోనూ పదిమందిలో ఒకరికి మించి లేరు. మరి ఆ 84 శాతంలో ఉన్నది ఎవరి వాళ్ళు? నాకు తెలిసినంతలో, మీ కార్యాలయాల్లో పనిచేసేవాళ్ళ ఇళ్ళు కూడా ఆ సర్వే పరిధిలోనే ఉన్నాయి.

పేదరికం, చదువు లేకపోవడం, తాగుడు ఉన్న ఇళ్ళలో హింస ఎక్కువని అదే సర్వే చూపిస్తుంది, కాదనను. మా వాడలో ఆ మూడూ ఉన్నాయి. అయితే అవి మా రక్తంలోంచి రాలేదు. ఆదాయం, చదువు, ఉండే చోటు సరిచూసి లెక్క కడితే జాతుల మధ్య కనిపించే తేడా బాగా తగ్గుతుందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. మిగిలే తేడాలో కూడా నేను చూసే ప్రశ్న ఒక్కటే: దెబ్బలు తిన్న మనిషికి వెళ్ళడానికి ఇంకో చోటు ఉందా, లేదా. ఉద్యోగం ఉన్న ఆడది అద్దె గది చూసుకుంటుంది. రోజుకూలీ చేసే ఆడది ఆ రాత్రి అదే చాప మీద, అదే మనిషి పక్కన పడుకుంటుంది. దాన్ని మీరు సంస్కృతి అంటున్నారు.

ఠాణా అంటే మా వాళ్ళకు ఏమిటో కూడా చెప్పాలి. 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. పుట్టడమే నేరమైన జాతుల జాబితాలో మేమూ చేరాం. 1913లో బాపట్ల దగ్గర మా వాళ్ళ కోసం పెట్టిన సెటిల్మెంటే స్టూవర్టుపురం. ఆ పేరు వినగానే మీ మనసులో ఏం మెదిలిందో నాకు తెలుసు. మా అమ్మమ్మ వాళ్ళ నాన్న రాత్రిళ్ళు ఠాణాకు వెళ్ళి హాజరు వేయించుకునేవాడట. ఊరు దాటాలంటే చీటీ కావాలి. చట్టం 1952 నాటికి దేశమంతటా రద్దయింది, చూపు రద్దు కాలేదు. ఆ చట్టం నుంచి బయటపడ్డ మాలాంటి విముక్త జాతులను పుట్టుకతో నేరస్తులుగా చూసే ఆలోచన జైలు నిబంధనల్లో ఇంకా బతికి ఉందని సుప్రీంకోర్టే 2024 అక్టోబరులో ఎత్తిచూపి, ఆ నిబంధనలను కొట్టేసింది.

ఇప్పుడు ఆ వాడ నుంచి ఒక ఆడమనిషి లేచి, మొగుడి మీద కేసు పెడతానని ఠాణాకు బయలుదేరిందనుకోండి. మొగుడి కోసం వచ్చే జీపు అతన్ని ఒక్కణ్ణే చూసి వెళ్ళిపోతుందని ఆమెకు నమ్మకం లేదు. పక్క ఊళ్ళో పోయిన మోటారు సంగతి, ఎప్పుడో తెగిన గొలుసు సంగతి కూడా మరిది మెడకు, తమ్ముడి మెడకు చుట్టుకుంటాయేమోనని ఆమె భయం. ఒక దెబ్బకు న్యాయం అడగబోయి వాడంతటినీ పోలీసులకు పట్టించిందన్న నింద మోయాలి. మీ ఎదురుగా గొంతు పెగలక కూర్చున్న మనిషి తల మీద ఇంత బరువుంది. ఆమె మౌనాన్ని 'మొగుడి మీద ప్రేమ' అని రాసుకున్నవాళ్ళను కూడా చూశాను.

ఇక్కడ మా పెద్దలతో కూడా ఒక మాట. ఈ ఉత్తరం మీరూ చదువుతారని తెలిసే రాస్తున్నాను, బాబాయిలూ, మామయ్యలూ. 'ఇప్పటికే మనల్ని దొంగలంటారు. ఇక పెళ్ళాలను కొట్టేవాళ్ళని కూడా అనిపిస్తావా తల్లీ?' అని మీరు అడిగిన ప్రతిసారీ జాతి పరువు మోసే పని దెబ్బలు తిన్న మనిషికే అప్పగించారు. కొట్టినవాడిని ఆ మాట ఎప్పుడైనా అడిగారా? పంచాయితీలో ఆమె తరఫున తండ్రో అన్నో మాట్లాడాలి, తను నోరు విప్పకూడదు. తప్పు కట్టిస్తారు, సరే. ఆ డబ్బు ఆమె చేతికి వచ్చిన రోజు నాకు ఒక్కటీ గుర్తులేదు. పదిమంది ముందు 'ఇక కొట్టను' అని చెప్పించి, అదే సాయంత్రం ఆమెను అదే గుడిసెకు పంపిస్తారు. బయటివాళ్ళు మనకు చేసిన అన్యాయం గురించి గంటలు గంటలు మాట్లాడగల పెద్దలు మీరు. మీ దగ్గరే నేర్చుకున్నాను మాట్లాడడం.

అధికారులకు మళ్ళీ వస్తాను. 'పెద్దమనుషుల దగ్గర తేల్చుకోండి' అని పంపేది ఇక్కడికే. గృహహింస నుంచి స్త్రీలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఫలానా కులం వాళ్ళను వాళ్ళ పంచాయితీకి పంపేయవచ్చని అందులో ఎక్కడా లేదు. హక్కులేమిటో, ఏ ఉత్తర్వులు కోరవచ్చో, ఉచిత న్యాయ సహాయం ఉందో లేదో ఆమెకు చెప్పడం మీ విధి అని అయిదో సెక్షన్‌లో ఉంది. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లో మొదటి వాయిదా, ఆ తరువాత అరవై రోజుల్లో తీర్పు ఇచ్చే ప్రయత్నం జరగాలని పన్నెండో సెక్షన్ అంటుంది. అరవై రోజుల సంగతి మీకూ నాకూ తెలిసిందే, దాన్ని వదిలేద్దాం. అసలు ఫారమే రాయకపోతే ఆ అరవై రోజులు మొదలయ్యేది ఎప్పుడు?

ఇంకో అలవాటు, పెళ్ళి సర్టిఫికెట్ అడగడం. హిందూ వివాహ చట్టం, 1955 షెడ్యూల్డ్ తెగలకు దానంతట అది వర్తించదు. కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప మా పెళ్ళిళ్ళు మా ఆచారం ప్రకారమే. మొగుడు రెండో పెళ్ళి చేసుకున్నాడని ఒక గిరిజన స్త్రీ పోరాడితే, రెండో పెళ్ళిని నిషేధించే ఆచారం మీ తెగలో ఉందని రుజువు కాలేదని 2001లో సుప్రీంకోర్టు ఆమె కేసును తోసిపుచ్చింది. ఆ తలుపు అలా మూసుకుపోయింది కాబట్టే ఈ చట్టం మాకు అంత ముఖ్యం. దీనికి మతం, తెగ అడ్డురావు. ఒకే ఇంట్లో భార్యాభర్తల్లా కలిసి బతికిన సంబంధం కూడా దీని కిందికి వస్తుంది. సర్టిఫికెట్ లేదని వెనక్కి పంపిన ప్రతి గిరిజన స్త్రీనీ మీరు చట్టంలో లేని కారణంతో పంపినట్టే.

ఏజెన్సీలో ఈ ముడి ఇంకా బిగుసుకుని ఉంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని 1970 నాటి ఒకటో నిబంధన, అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేది, చెబుతుంది. దాన్ని దాటడానికి కొందరు కనిపెట్టిన దారి, గిరిజన స్త్రీతో కాపురం పెట్టి ఆమె పేరున భూమి కొనడం. పట్టా ఆమెది, పంట అతనిది, మైదానంలో అతనికి ఇంకో పెళ్ళాం. ఆమె ఎదురు తిరిగితే దెబ్బలు. మీ దగ్గరికి వస్తే 'రెండో ఆమెవి కదా' అంటారు. పెళ్ళి లాంటి సంబంధం అంటే ఇద్దరికీ పెళ్ళి చేసుకునే అర్హత ఉండాలని 2010లో సుప్రీంకోర్టు పెట్టిన షరతు చూపిస్తారు. ఆ షరతు ఉన్న మాట నిజమే. కానీ ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో తేల్చేది మేజిస్ట్రేటు. మీ పని రాసి పంపడం.

కులం పేరుతో ఇంట్లో పడే తిట్ల సంగతి చూడండి. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం, 1989 కొట్టినవాడు, తిట్టినవాడు ఎస్సీ, ఎస్టీ కానప్పుడే పనిచేస్తుంది. కులాంతర పెళ్ళి చేసుకున్న మా అమ్మాయిని అత్తవారు వంటింట్లో కులం పేరుతో తిడితే, నలుగురి కళ్ళెదుట జరగలేదు కాబట్టి ఆ చట్టం కింద అవమానం కాదంటారు. నాలుగు గోడల మధ్య మాట గురించి సుప్రీంకోర్టు 2020లో చెప్పింది అదే. బాగుంది, మరి గృహహింస చట్టంలోని మూడో సెక్షన్ ఎందుకుంది? మాటలతో, మనసును నొప్పించేలా చేసే హింస అందులో ఉంది. మీరు నింపే ఫారంలో కట్నం తేలేదని అవమానించడానికి ఒక గడి ఉంది, మగపిల్లవాడిని కనలేదని అవమానించడానికి ఒకటి ఉంది, పేర్లు పెట్టి తిట్టడానికి ఒకటి ఉంది. కులానికి విడిగా గడి లేదు. 'మరేదైనా ఉంటే పేర్కొనండి' అన్న గీత ఉంది. ఆ గీత మీద, ఏ మాటతో తిట్టాడో ఆ మాటే రాయండి. 'భర్త దుర్భాషలాడెను' అని శుభ్రం చేసి రాయకండి. ఆ మాట మీకు రాయడానికే అసహ్యంగా ఉంటే, రోజూ అన్నం పెడుతూ విన్న మనిషి సంగతి ఆలోచించండి.

భాష గురించి ఒకటి చెబుతాను. ఒకసారి ఒక కోయ స్త్రీ పక్కన కూర్చున్నాను. ఎప్పుడు కొట్టాడు అని అడిగితే, 'ఇప్పపూలు ఏరే రోజుల్లో' అంది. తేదీ చెప్పమన్నారు. ఆమె ఆలోచించి, పూలు రాలడం తగ్గుతున్నప్పుడు అని ఇంకాస్త ఖచ్చితంగా చెప్పింది. నిజానికి అది చాలా మంచి సాక్ష్యం. ఆమెకు అంతకన్నా బాగా గుర్తున్న క్యాలెండరు లేదు. ఫారంలో మాత్రం 'తేదీ చెప్పలేకపోయింది' అని పడింది. కోర్టులో అవతలి వకీలుకు ఆ ఒక్క ముక్క చాలు. 'ఇప్పపూల కాలం, సుమారు మార్చి నెలాఖరు, ఏప్రిల్' అని రాయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది? కోయ, గోండి, లంబాడీ, సవర, కువి మాట్లాడే ఆడపిల్లలు ఇప్పుడు డిగ్రీలు చదివి ఉన్నారు. దుబాసీలుగా పిలిచి, రోజుకు కూలి కట్టించి ఇస్తే వస్తారు. మొగుడి తరఫు బంధువును మాత్రం దుబాసీగా కూర్చోబెట్టకండి. అదీ చూశాను.

కులం వివరాలు అడగడమే మానేస్తే పోతుంది కదా అని నన్నొక యువ అధికారి అడిగారు. మంచి మనసుతోనే అడిగారు. అమెరికాలో కింబర్లే క్రెన్షా అనే నల్లజాతి న్యాయ పండితురాలు ఇలాంటి చిక్కు గురించే 1991లో రాశారు. లాస్ ఏంజెలెస్‌లో ఏ ఠాణా పరిధిలో ఎన్ని గృహహింస కేసులో లెక్కలు ఆమె అడిగితే పోలీసులు ఇవ్వలేదు. ఇది నల్లవాళ్ళ సమస్యేలే అని కొట్టిపారేస్తారని మహిళా సంఘాలకు భయం, తమ జాతి మీద ఇంకో మచ్చ పడుతుందని ఆ జాతుల పెద్దలకు భయం. ఇద్దరి భయాలకూ అర్థముంది. ఆ ఇద్దరి మధ్యా లెక్కలోకి రాకుండా పోయింది ఆ జాతుల స్త్రీలే. అందుకని నేను ఆ యువ అధికారికి చెప్పింది ఏమిటంటే, అడగండి, రాయండి. దానితోపాటు ఆమె ఊరు మీ కార్యాలయానికి ఎన్ని కిలోమీటర్లు, ఎన్నిసార్లు వచ్చి తిరిగి వెళ్ళింది, ఎన్ని రోజుల కూలి పోయింది, మధ్యంతర ఉత్తర్వు వచ్చిందా లేదా, అవి కూడా పక్క గడుల్లో రాయండి. కులం ఒక్కటే రాస్తే అది మా మీద నేరపత్రం అవుతుంది. మిగతావి కూడా రాస్తే మీ పనితీరు పత్రం అవుతుంది. రెండోది రాయడం ఎవరికీ ఇష్టముండదు, నాకు తెలుసు.

మీలో కొందరు 'వాళ్ళే రారు, మేమేం చేస్తాం' అంటారు. ముందు చెప్పిన ఆ సర్వే ప్రకారమే, దేశంలో శారీరక హింసో లైంగిక హింసో అనుభవించిన ఆడవాళ్ళలో 77 శాతం మంది ఎవరికీ చెప్పుకోలేదు, ఎక్కడా సాయం అడగలేదు. అందులో అన్ని కులాలూ ఉన్నాయి. ఇక పేద ఆడవాళ్ళకు నోరు లేదంటారా, 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించింది అక్షరాస్యత తరగతులకు వచ్చిన కూలి ఆడవాళ్ళే. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. వాళ్ళు అడిగింది పైకి సారా గురించే. రాత్రిళ్ళు ఒంటి మీద పడే దెబ్బల గురించి కూడా అని అప్పుడు ఎంతమంది విన్నారో తెలియదు. మా అమ్మ అప్పటి సారా వ్యతిరేక ఊరేగింపులో నడిచింది. తిరిగొచ్చాక మా నాన్న ఏమన్నాడో, ఆమె ఏమందో చెప్పమంటే ఇప్పటికీ నవ్వి ఊరుకుంటుంది.

మా చెల్లెలి విషయం. వచ్చే సోమవారం మళ్ళీ వస్తున్నాం. ఈసారి ఫారం నేనే తెలుగులో నింపి తెస్తున్నాను, మూడు కాపీలు. తిట్టిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఓపీ చీటీతో పాటు ఎక్స్‌రే కూడా ఉంది, మణికట్టు ఎముకకు చీలిక వచ్చిందని డాక్టరు రాశారు. ఆ చేత్తో ఆమె నెల రోజులుగా వెదురు చీల్చలేదు, అంటే నెల రోజులుగా సంపాదన లేదు. అది కూడా ఆర్థిక సాయం అడిగేచోట లెక్క కట్టి రాశాను. మా వాడ నుంచి మొదటి బస్సు ఏడున్నరకు ఉంది, మీ దగ్గరికి చేరేసరికి పదిన్నర దాటుతుంది. తిరుగు బస్సు మూడింటికి. ఆ మధ్యలో మీ సంతకం, స్టాంపు పడితే ఆమె ఇంకో రోజు కూలి పోగొట్టుకోకుండా ఉంటుంది.

ఇట్లు,
ఒక ఎరుకల ఇంటి ఆడపడుచు